ఒక మిల్లీమీటరు ఎక్కడ పోయింది?

పాత జీపు పికప్పు ఒకటి భిలాయి నందిని రోడ్డు పక్కనున్న షెడ్డుకు వచ్చిందనుకుందాం. ఇంజిన్ బాగానే ఉంది, బ్రేకులు పడుతున్నాయి. ఫిర్యాదు ఒక్కటే: స్టీరింగ్ లూజు. చక్రాన్ని బెత్తెడు దూరం తిప్పితే గాని ముందు టైర్లు కదలడం లేదు. ఇటు తిప్పినా అంతే, అటు తిప్పినా అంతే. జి.ఇ. (గ్రేట్ ఈస్టర్న్) రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోవాలన్నా డ్రైవరు చేతులు ఆగకుండా ఆడుతూనే ఉండాలి.

ఇలాంటి బండి వస్తే చాలా షెడ్లలో మొదట చేసే పని స్టీరింగ్ బాక్సు పక్కనున్న అడ్జస్టింగ్ స్క్రూను పావు చుట్టు బిగించడం. ఐదు నిమిషాల పని. ప్లే, అంటే ఆ వదులు, తగ్గినట్టే ఉంటుంది. ఓనరు డబ్బులిచ్చి బండి తీసుకుపోతాడు. ఆ స్క్రూను మొదట ముట్టుకోకూడదని చెప్పడానికే ఈ అధ్యాయం. అది చెప్పాలంటే ముందు ఇనుము ఎలా అరుగుతుందో, ఆ అరుగుదల చేతికి ఎంత పెద్దదై తెలుస్తుందో చూడాలి.

ఈ ఊరికీ ఈ బండ్లకూ పాత సంబంధం ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ప్రభుత్వ నిర్మాణాలు ఎక్కడ జరిగినా ఆ కాలంలో తిరిగింది జీపులే. విల్లీస్ జీపు భాగాలను తెప్పించి బొంబాయిలో బిగించే పనిని మహీంద్రా వారు 1940ల చివర్లోనే మొదలుపెట్టారు. ఇక మనుషుల సంగతి. విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం 1931 నాటికే పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారికి ఆ దారి ఉండనే ఉంది. భిలాయిలోని ఖుర్సీపార్‌లోనూ కేంపులని పిలిచే పేటల్లోనూ ఈనాటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది.

ఇప్పుడు బండి కిందికి వెళ్దాం.

డ్రైవరు చేతిలోని చక్రం నుంచి ఒక పొడుగాటి షాఫ్టు స్టీరింగ్ బాక్సులోకి దిగుతుంది. విల్లీస్ వంశపు జీపుల్లో ఈ బాక్సు రాస్ రకం. అమెరికాలోని లఫాయెట్ పట్టణంలో డేవిడ్ రాస్ 1906లో పెట్టిన కంపెనీ పేరుతో అది ప్రసిద్ధమైంది. లోపల షాఫ్టు చివర మరలాగా గాడి తీసిన ఉక్కు ముక్క ఉంటుంది, దాన్ని కామ్ అంటారు. పక్కనుంచి వచ్చిన లివరుకు మొన తేలిన రెండు స్టడ్లు ఉంటాయి. అవి ఆ గాడిలో కూర్చుంటాయి. చక్రం తిప్పితే కామ్ తిరుగుతుంది, గాడి వెంట స్టడ్లు జరుగుతాయి, లివరు షాఫ్టు కొద్దిగా తిరుగుతుంది. బాక్సు బయట ఆ షాఫ్టుకే డ్రాప్ ఆర్మ్ బిగించి ఉంటుంది. అక్కణ్ణుంచి డ్రాగ్ లింకు, దాని తర్వాత రెండు ముందు చక్రాల మధ్య ఉండే బెల్ క్రాంకు. బెల్ క్రాంకు నుంచి చెరో వైపుకు చెరో టై రాడ్. టై రాడ్ చివర స్టీరింగ్ ఆర్మ్. ఆ ఆర్మ్ తిరిగితే, కింగ్ పిన్నులనే నిలువు ఇరుసుల మీద ముందు చక్రం తిరుగుతుంది.

మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ కోణంలో తిరగాలి, ఎందుకంటే అది చుట్టే వలయం చిన్నది. చక్రాలను అలా తిప్పే ఏర్పాటును 1817లో మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు చేసే గియార్గ్ లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో దానికి పేటెంటు తీసుకున్నది అతని తరఫున రుడాల్ఫ్ అకర్‌మన్. అకర్‌మన్ బొమ్మలూ పుస్తకాలూ అచ్చువేసి అమ్మే వ్యాపారి. పేరు మాత్రం ఆయనకే మిగిలింది. మోటారు బండ్ల స్టీరింగుకు మూలరూపం ఇవాళ్టికీ ఆ గుర్రపు బండి ఏర్పాటే.

లెక్కకు వద్దాం. స్టీరింగ్ చక్రానికీ డ్రాప్ ఆర్మ్‌కూ మధ్య నిష్పత్తి సుమారు 14కు 1 అనుకుందాం. అంటే చక్రం 14 డిగ్రీలు తిరిగితే ఆర్మ్ 1 డిగ్రీ తిరుగుతుంది. ఆర్మ్ పొడవు 15 సెంటీమీటర్లనుకుందాం. దాని చివరనున్న జాయింటులో ఒక మిల్లీమీటరు వదులుంటే, ఆ ఖాళీ తీరడానికి ఆర్మ్ దాదాపు 0.38 డిగ్రీలు తిరగాలి. చక్రం దగ్గర అది 5 డిగ్రీలు దాటుతుంది. చక్రం వ్యాసం 43 సెంటీమీటర్లయితే దాని అంచు మీద 2 సెంటీమీటర్లు. కింద పోయింది ఒక మిల్లీమీటరు, పైన చేతికి తగిలింది 2 సెంటీమీటర్లు. డ్రైవరు బలాన్ని పెంచడానికి పెట్టిన నిష్పత్తే అరుగుదలనూ పెంచి చూపిస్తుంది.

దారిలో ఉన్నది ఒక్క జాయింటు కాదు. ఒక్కో ముందు చక్రం వరకూ లెక్కపెడితే డ్రాగ్ లింకు చివరలు రెండు, బెల్ క్రాంకు పిన్ను ఒకటి, టై రాడ్ చివరలు రెండు, మొత్తం ఐదు. ఆర్ముల పొడవులన్నీ ఇంచుమించు సమానమనుకుని, ఒక్కోచోట 0.4 మిల్లీమీటర్ల వదులు వేసుకుంటే మొత్తం 2 మిల్లీమీటర్లు. 0.4 మిల్లీమీటర్ల వదులు ఉన్న జాయింటును విడిగా చేత్తో పట్టుకుని చూస్తే ఎవరూ మార్చమనరు. ఐదూ కలిస్తే చక్రం అంచు మీద 4 సెంటీమీటర్లు. దీనికి బాక్సు లోపలి వదులు, బాక్సును చాసికి పట్టి ఉంచే బోల్టుల వదులు తోడవుతాయి.

చరోడాలోని భిలాయి మార్షలింగ్ యార్డులో గూడ్సు బండి కదలడం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఇంజిను కదిలిన క్షణానే చివరి వ్యాగను కదలదు. ఒక్కో కప్లింగులోని కొద్దిపాటి వదులు తీరుతూ టక్ టక్‌మనే చప్పుడు బండి పొడవునా ముందు నుంచి వెనక్కి పాకుతుంది. ఏ కప్లింగూ చెడిపోలేదు, అయినా చివరి వ్యాగనుకు కదలిక ఆలస్యంగా అందుతుంది. లూజు స్టీరింగూ చాలాసార్లు ఇంతే. ఒకచోట దొరికే జబ్బు కాదది, ఐదారు చోట్ల పంచుకున్న నష్టం. అందుకే ఏదో ఒక్కచోట బిగించి మొత్తాన్ని సరిచేయాలనుకోవడం తప్పు. మిగతా చోట్ల పోయినదంతా ఆ ఒక్కచోట రాబట్టబోతే అక్కడ బిర్రు పడుతుంది.

కాబట్టి ముందు వెతకాలి. దీనికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. బండిని జాకీ మీద లేపకూడదు. నాలుగు చక్రాలూ నేలమీదే ఉండాలి. టైర్లను నేల పట్టి ఉంచితేనే జాయింట్ల మీద భారం పడి వదులు బయటపడుతుంది. గాల్లో వేలాడే చక్రం తేలిగ్గా తిరిగిపోతుంది, జాయింటు తన లోపాన్ని దాచేసుకుంటుంది. ఒకరు సీట్లో కూర్చుని చక్రాన్ని ప్లే ఉన్నంత మేరకు మాత్రమే అటూ ఇటూ కదపాలి. రెండోవారు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి వెయ్యాలి. సగం అరచేయి జాయింటుకు ఇటువైపు, సగం అటువైపు. రెండు వైపులూ కలిసి కదిలితే జాయింటు బాగున్నట్టు. ఒక వైపు ముందు కదిలి రెండోది తర్వాత కదిలితే పోయిన మిల్లీమీటరు అక్కడుంది. కంటికి కనబడని తేడా అరచేతికి తెలుస్తుంది.

భిలాయి షెడ్డులో ఈ పని జరిగేటప్పుడు మాటలు ఇలా ఉంటాయి:

"తిప్పరా. మెల్లగా. అంత జోరొద్దు, ఆట ఉన్నకాడికే."

"తిప్పుతున్నాను ఉస్తాద్. ఏటైనా దొరికిందా?"

"డ్రాగ్ లింకు ఎనక చివర కొట్టుకుంటంది. ఉండు, బెల్ క్రాంకు కూడా సూద్దాం. దొరికింది కదా అని ఆగిపోకూడదు."

ఉస్తాద్ అన్న ఆ చివరి మాటలోనే ఈ పరీక్ష బలమంతా ఉంది. మొదటి లోపం దొరకగానే లేచిపోయేవాళ్ళు ఎక్కువ. దొరికిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ బాక్సు నుంచి చక్రం దాకా, రెండు వైపులా పూర్తిగా వెళ్ళాలి. బాక్సు బోల్టుల దగ్గర మరీ జాగ్రత్తగా చూడాలి. చక్రం కదిపినప్పుడు బాక్సే చాసి మీద కదులుతుంటే, లేదా చాసికి అక్కడ సన్నని పగులు ఉంటే, మిగతా రిపేరంతా వృథా.

తర్వాత జాకీ పని. ముందు చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే అది చక్రం బేరింగు వదులైనా కావచ్చు, కింగ్ పిన్ను బేరింగు వదులైనా కావచ్చు. చేతికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా పట్టే ఉపాయం తేలిక: ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనాలి. బ్రేకు పడితే డ్రమ్మూ, వెనకనున్న ప్లేటూ ఒకటైపోతాయి కాబట్టి చక్రం బేరింగులోని వదులు మాయమవుతుంది. అప్పుడూ ఊగుతూనే ఉంటే వదులు కింగ్ పిన్నులోది. అరక్షణంలో తేలిపోయే ఈ పరీక్ష చేయకుండా బేరింగులు కొనేసినవాళ్ళు నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు, అసలు లోపం బండిలోనే ఉండిపోతుంది.

వీటన్నిటికన్నా ముందు టైర్ల గాలి చూడాలి. గాలి తగ్గిన పాత క్రాస్ ప్లై టైరు దానంతటదే బండిని అటూ ఇటూ లాగుతుంది. స్ప్రింగు షాకిల్ బుష్షులు అరిగినా, యు-బోల్టులు వదులైనా యాక్సిలే పక్కకు జరుగుతుంది. అప్పుడు స్టీరింగు ఎంత బాగున్నా బండి తిన్నగా పోదు.

ఇంతకీ ఇనుము ఎందుకు అరుగుతుంది? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్చర్డ్ అరుగుదలకు ఒక సూత్రం ప్రకటించాడు. అరిగిపోయే పదార్థం పరిమాణం మూడింటిని బట్టి ఉంటుంది: మీద పడే భారం, రాసుకుంటూ పోయిన దూరం, మెత్తని లోహం గట్టిదనం. మొదటి రెండూ పెరిగితే అరుగుదల పెరుగుతుంది, మూడోది పెరిగితే తగ్గుతుంది. వీటికి తోడు ఒక గుణకం ఉంది. ఆ ఉపరితలాల మధ్య నూనె ఉందా, దుమ్ము ఉందా అన్నదాన్ని బట్టి అది వందల, వేల రెట్లు మారిపోతుంది. స్టీరింగు విషయంలో మనిషి చేతిలో ఉన్నది ఆ గుణకమే. భారం తగ్గించలేం, తిప్పడం మానలేం, లోహం ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోయింది. గ్రీజు మాత్రం మనం పెట్టాలి.

గట్టిదనం మాట వచ్చింది కాబట్టి భిలాయి ఉక్కు గురించి ఒక సంగతి. ఇక్కడి రైలు, స్ట్రక్చరల్ మిల్లు 1960 నుంచి పట్టాలు చేస్తోంది. అతికించి 260 మీటర్ల పొడవుగా పంపే పట్టాలు ఇక్కణ్ణుంచి దేశమంతా వెళ్తాయి. పట్టాల్లో ఎన్నో ఏళ్ళు ప్రధానంగా వాడిన 880 గ్రేడులో 0.60 నుంచి 0.80 శాతం కార్బన్ ఉంటుంది. ముక్క మొత్తం ఒకే ఉక్కు. పైపొర అరిగితే కింద దొరికేదీ అలాంటిదే. స్టీరింగు బాక్సులోని కామ్, స్టడ్ల పద్ధతి వేరు. వాటిని తక్కువ కార్బన్ ఉక్కుతో చేసి, వేడిలో పైపొరలోకి మాత్రం కార్బన్ ఎక్కించి, చప్పున చల్లార్చుతారు. పైన సుమారు ఒక మిల్లీమీటరు పొర పట్టా కన్నా రెట్టింపు మించిన గట్టిదనంతో ఉంటుంది. లోపలి గుండె మెత్తగా, దెబ్బ తట్టుకునేలా ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు విరగకుండా కాపాడేది ఆ మెత్తదనమే.

దీనికి ఒక ఫలితం ఉంది. గట్టి పొర ఉన్నన్నాళ్ళూ అరుగుదల బహు నెమ్మది. ఏళ్ళ తరబడి ప్లే అంతే ఉన్నట్టుంటుంది. పొర తీరిపోయి మెత్తటి ఉక్కు బయటపడ్డాక అరుగుదల వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది, ఈ రెండు నెలల్లోనే పాడైంది" అని ఓనరు చెప్పేది నిజమే. గ్యాస్ వెల్డింగుతో కామ్ మీద ఉక్కు పేర్చి లేత్ మీద గాడి తీయిస్తే బాగుపడుతుందా అని అడుగుతారు. బాగుపడదు. వెల్డింగు వేడికి చుట్టుపక్కల పొర గట్టిదనం పోతుంది, ఎక్కడెక్కడ ఎంత పోయిందో కంటికి కనబడదు. ఈ ఊళ్ళో వెల్డింగు పనితనానికి లోటు లేదు. అయినా స్టీరింగు ఆర్మ్‌కూ డ్రాప్ ఆర్మ్‌కూ వెల్డింగు టార్చి తాకించకూడదు. వంగిన ఆర్మ్‌ను కాల్చి తిన్నగా చేయడమూ అంతే. అది మార్చవలసిన వస్తువు.

దుమ్ము సంగతి. భిలాయి ఫర్నేసులకు ఇనుప ఖనిజం 80–90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. అది హెమటైట్. మోస్ కొలమానం మీద దాని గట్టిదనం 5.5 నుంచి 6.5. మామూలు మట్టిలోని ఇసుక రేణువు, అంటే క్వార్ట్జ్, 7. గని దారుల్లో తిరిగిన పాత పికప్పుల బాల్ జాయింట్లలో ఈ రెండు రకాల పొడీ దొరుకుతుంది. జాయింటు మీది రబ్బరు టోపీ చినిగిందంటే ఆ పొడి గ్రీజులో కలిసి అరగదీసే ముద్దవుతుంది. తర్వాత వర్షాకాలం నీళ్ళు వచ్చి ఆ గ్రీజును కడిగేసి తుప్పు తెస్తాయి. కొన్ని రూపాయల రబ్బరు టోపీ చినిగితే మొత్తం టై రాడ్ ఎండ్ పోతుంది. గ్రీజు గన్నుతో నిపిల్ లోంచి కొత్త గ్రీజు ఎక్కించేటప్పుడు పాతది పక్కనుంచి బయటికి వచ్చేదాకా ఎక్కించమనేది ఇందుకే. కొత్త గ్రీజు దుమ్మును బయటికి తోసేస్తుంది. ఒకటి రెండు పంపులు కొట్టి ఊరుకుంటే దుమ్ము లోపలే ఉంటుంది.

బాల్ జాయింట్ల పనిలో చెప్పుకోవలసింది ఎక్కువ లేదు. టై రాడ్ ఎండ్ వదులైతే కొత్తది వెయ్యడమే. సుత్తితో అంచు కొట్టి బిగించడం మోసం. డ్రాగ్ లింకు చివర్లలో స్ప్రింగూ, మరతో బిగించే ప్లగ్గూ ఉంటాయి. ప్లగ్గును పూర్తిగా బిగించి, ఏ చివర అన్నదాన్ని బట్టి అర చుట్టో ఒక చుట్టో వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వెయ్యాలి. ఆ అర చుట్టు వదులు అవసరమైనదే. బంతి తిరగడానికి చోటుండాలి. బెల్ క్రాంకు పిన్నూ బుష్షూ జతగా మారిస్తేనే మేలు. అరిగిన పిన్ను మీద కొత్త బుష్షు ఎక్కువకాలం నిలవదు.

ఇవన్నీ సరిచేశాక, డ్రాగ్ లింకు విప్పి బాక్సును వేరుచేసుకుని, అప్పుడు బాక్సు పట్టాలి.

బాక్సులో సవరణలు రెండు, వాటికొక వరుస ఉంది. మొదటిది కామ్ షాఫ్టు బేరింగులది. షాఫ్టు పైకీ కిందికీ కదులుతోందా చూడాలి. కదిలితే పై కవరు కింద ఉండే పల్చటి షిమ్ములు తీసి ఆ వదులు తీర్చాలి. ఇది చేసేటప్పుడు పక్క స్క్రూ వదులుగా ఉండాలి. లేకపోతే స్టడ్ల ఒత్తిడి వల్ల బేరింగు బిగుతు ఎంతో తెలియదు. రెండోది ఆ అడ్జస్టింగ్ స్క్రూ. లివరు షాఫ్టును లోపలికి నెట్టి స్టడ్లను గాడిలో లోతుగా దింపేది అదే.

స్టడ్డు మొన శంఖు ఆకారంలో ఉంటుంది, గాడి గోడలు వాలుగా ఉంటాయి. కాబట్టి స్టడ్డు ఎంత లోతుకు దిగితే అంత బిగుతు. అయితే గాడి పొడవునా ఈ బిగుతు ఒకేలా ఉండకూడదని తయారుచేసినవారు ముందే ఆలోచించారు. చక్రాలు తిన్నగా ఉన్న స్థానంలో గాడి కొంచెం బిగుతుగా, రెండు చివర్ల వైపు పోతున్నకొద్దీ వదులుగా ఉండేలా కోశారు. కారణం స్పష్టం. బండి జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే నడుస్తుంది, అందువల్ల నడిమి భాగమే ఎక్కువ అరుగుతుంది. అరిగినప్పుడు స్క్రూతో దింపడానికి వీలుండాలంటే చివర్లలో ముందే చోటు వదలాలి. తిన్నని రోడ్డు మీద వదులు ప్రమాదం, షెడ్డులో వెనక్కి తిప్పుకునేటప్పుడు కాదు.

అందుకే సవరణ ఎప్పుడూ నడిమి స్థానంలోనే చెయ్యాలి. చక్రాన్ని ఒక చివర నుంచి రెండో చివర దాకా తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సగం వెనక్కి వస్తే అదే నడిమి. అక్కడ స్క్రూను కొద్దికొద్దిగా బిగిస్తూ ప్రతిసారీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడాలి. నడిమి దాటేటప్పుడు చేతికి లేశమాత్రం అడ్డు తెలియాలి. మిగతా దారంతా తేలిగ్గా పోవాలి. అంతే, లాక్ నట్టు బిగించెయ్యాలి.

మరీ పాత బాక్సులో ఏం జరుగుతుందంటే, నడిమి భాగం అరిగి అరిగి చివర్లకన్నా లోతైపోయి ఉంటుంది. అప్పుడు నడిమిలో ప్లే పోయేదాకా స్క్రూ బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. షెడ్డు ముందు తిన్నగా నడిపి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. అసలు సంగతి మలుపులో బయటపడుతుంది. మలుపు తిరిగాక చక్రాలు తమంతట తాము తిన్నదనానికి రావాలి. కింగ్ పిన్ను పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉండటం వల్ల వచ్చే గుణమది. విల్లీస్ జీపులో ఆ వాలు 3 డిగ్రీలు. పిన్ను గీతను నేలదాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటుకు కొంచెం ముందు పడుతుంది, అందువల్ల టైరు వెనక ఈడ్చుకొస్తూ తిన్నబడుతుంది. 3 డిగ్రీల వాలు ఇచ్చే బలం తక్కువ. బాక్సులో బిర్రు దానికన్నా ఎక్కువైతే చక్రం తిరిగినచోటే ఉండిపోతుంది. ప్లే ఉన్న బండి డ్రైవరును అలసిపోయేలా చేస్తుంది. పట్టేసిన బాక్సున్న బండి మలుపులోంచి బయటికి రాదు. రెండోదే ఎక్కువ ప్రమాదం. స్క్రూ మొదట ముట్టుకోవద్దనడానికి ఇదే అసలు కారణం. చివర్లలో పట్టేస్తే ఆ కామ్, లివరు షాఫ్టు మార్చవలసిందే, స్క్రూతో దానికి మందు లేదు.

బాక్సులో పోయవలసింది చిక్కటి గేరు ఆయిలు. కారుతోందని ఆయిలు బదులు గ్రీజు కూరే అలవాటు ఉంది. గాడి ఒకసారి గ్రీజును పక్కకు తోసేస్తే అది వెనక్కి రాదు, ఉక్కు ఉక్కును పొడిగా రాస్తుంది. కారుతుంటే సీలు మార్చాలి.

రాస్ బాక్సులో స్టడ్డు గాడిలో రాసుకుంటూ పోతుంది. మధ్యలో ఉక్కు గుళ్ళు పెట్టి, రాపిడిని దొర్లుడుగా మార్చిన బాక్సులు జనరల్ మోటార్స్ కార్లలో 1940లో మొదలయ్యాయి. తర్వాతి జీపుల్లోకీ అవే వచ్చాయి. పాత పికప్పుకు ఆ బాక్సు బిగించుకునేవారున్నారు. రోజూ సరుకు మోసే బండికి అది మంచి ఆలోచనే. వింటేజ్‌గా నిలుపుకోవాలనుకునే బండికి మాత్రం అసలు బాక్సును బాగుచేసుకోవడమే నా సలహా. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయాలంటే చాసి, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. రూపం కాపాడుకున్నవారు బాక్సునూ కాపాడుకుంటే బాగుంటుంది.

కింగ్ పిన్నుల దగ్గర ఇంకో విచిత్రం ఉంది. అవి వదులైతే కొన్ని బండ్లు ఒక ఫలానా వేగంలో గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ విపరీతంగా కొట్టుకోవడం మొదలెడతాయి. డ్రైవరు చేతుల్లోంచి చక్రం జారిపోయేంత ఊపు. వేగం బాగా తగ్గిస్తే తప్ప ఆగదు. దీన్ని షిమ్మీ అంటారు. 1920ల్లో ముందు చక్రాలకు బ్రేకులు, మెత్తని వెడల్పు టైర్లు వచ్చినప్పుడు యూరప్, అమెరికా ఇంజినీర్లను ఇది బాగా బాధించింది. దీనికి బయటి నుంచి ఎవరూ ఊపక్కర్లేదు. ముందుకు పోతున్న బండి శక్తే టైరు గుండా ఊపులోకి చేరుతూ ఉంటుంది. దాన్ని మింగేసేది జాయింట్లలోని రాపిడి. జీపుల్లో కింగ్ పిన్ను బేరింగులను షిమ్ములతో కొంచెం బిగుతుగా ఉంచమనడం ఇందుకే. టై రాడ్ విప్పి, సీలు తీసి, ఆర్మ్‌కు స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే సుమారు రెండున్నర కిలోల దగ్గర కదలాలి. ఇక్కడ మరీ తేలిగ్గా తిరిగే చక్రం మంచిది కాదు. చివరగా టో-ఇన్ చూడాలి. రెండు చక్రాల ముందంచులు వెనకంచులకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు దగ్గరగా ఉంటే చాలు.

ప్లే అంటే ఒట్టి చిరాకు కదా, అలవాటైతే నడిపెయ్యవచ్చు కదా అనేవారికి ఒక మాట. తిన్నగా నడపడమంటే డ్రైవరు ఎప్పుడూ చిన్నచిన్న తప్పులు చూస్తూ దిద్దుతూ ఉండటం. బండి కొంచెం ఎడమకు పోయింది, కొంచెం కుడికి తిప్పాడు. వదులున్నప్పుడు ఆ కొంచెం ఏ ఫలితమూ ఇవ్వదు. ఇంకాస్త తిప్పుతాడు. వదులు తీరి చక్రాలు కదిలేసరికి కావలసినదానికన్నా ఎక్కువ తిరిగిపోతుంది. ఇప్పుడు వెనక్కి దిద్దాలి, మళ్ళీ ఆ వదులంతా ఇటు నుంచి దాటాలి. దిద్దుబాటు ఆలస్యమైన ఏ వ్యవస్థైనా ఇలాగే ఊగిసలాడుతుంది. ఇది డ్రైవరు చేతగానితనం కాదు. 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. వదులు దాటడానికి అర సెకను పట్టినా 7 మీటర్లు ఎవరి అదుపులోనూ లేని ప్రయాణం.

చట్టం దీనికొక హద్దు పెట్టింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 98వ నియమం ప్రకారం స్టీరింగు చక్రం దగ్గర ప్లే 30 డిగ్రీలు దాటకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలుండాలి. బోల్టులూ పిన్నులూ ఊడకుండా లాక్ అయి ఉండాలి. 30 డిగ్రీలంటే 43 సెంటీమీటర్ల చక్రం అంచు మీద 11 సెంటీమీటర్ల పైమాట. చట్టం ఒప్పుకునే ఆఖరి హద్దది. బాగున్న జీపులో ఇది 2–3 సెంటీమీటర్లు ఉంటుంది.

మీ ఇంట్లో పాత జీపో పికప్పో ఉంటే ఒక ఆదివారం పొద్దున్న ఈ పరీక్ష చేసి చూడండి. చక్రాలు తిన్నగా పెట్టి, స్టీరింగు అంచుకు చిన్న టేపు ముక్క అంటించి, ముందు టైరు కదలకుండా చక్రం ఎంత దూరం తిరుగుతోందో స్కేలు పెట్టి కొలవండి. ఆ అంకె కాగితం మీద రాసుకుని షెడ్డుకు వెళ్ళండి. ఏ జాయింటులో ఎంత పోయిందో సుద్దముక్కతో గుర్తులు పెట్టి చూపించమని అడగండి. మీ కళ్ళముందు వెతకకుండానే బాక్సు స్క్రూ మీదికి స్పానరు తీసుకువెళ్ళే మెకానిక్కును ఆపండి. రిపేరయ్యాక రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి, బోల్టులు మళ్ళీ చూపించుకోండి. పాత స్ప్లిట్ పిన్నును ఎప్పుడూ రెండోసారి వాడనివ్వకండి.